రమణమ్మ నర్సు వంతు

ఆత్మకూరు బస్టాండు దగ్గర మందుల షాపులో నా ఉద్యోగం. రక్తం పట్టే మాత్రల అట్ట చించినప్పుడల్లా తుప్పు పట్టిన మేకులాంటి వాసన ఒకటి ముక్కుకు తగులుతుంది. మా ఓనరుకు అది వ్యాపారం వాసన. నాకు మాత్రం ఉదయగిరి కొండ కింద మా ఊరి బడి, వరండాలో వరసగా నిలబెట్టిన ఆడపిల్లలం, మా ముందు నీళ్ల చెంబుతో రమణమ్మ నర్సు కళ్లలో మెదులుతారు.

రమణమ్మ మా చుట్టుపక్కల ఊళ్లకు ప్రభుత్వ నర్సు. ఆడవాళ్ల కోసం సర్కారు ఏది పంపినా, మాత్రలైనా ప్యాడ్లైనా, ఆమె స్కూటర్ మీదే మా ఊరు చేరేది. ప్యాడ్ల పెట్టెను ఆమె గుడ్డ కప్పకుండా, అందరికీ కనబడేలా ముందు పెట్టుకొని వచ్చేది. దాన్ని చూసినప్పుడల్లా మా హెడ్మాస్టరు తల పైకెత్తి ఆకాశంలో మబ్బుల కోసం వెతికేవాడు. మా వైపు మబ్బులు తక్కువ కాబట్టి పాపం చాలాసేపు వెతకాల్సి వచ్చేది.

మాత్రలంటే మాకు హడలు. అవి మింగితే రేపు పిల్లలు పుట్టరని ఎవరో పుకారు పుట్టించారు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. పిల్లల్ని కనే తొందరేమీ లేదు గానీ, ఎందుకైనా మంచిదని మాత్రను నాలుక కింద దాచాను. రమణమ్మ సరిగ్గా నా ముందే ఆగింది.

"మింగినావా?"

తల ఊపాను.

"అయితే ఒక జోకు చెప్పుమే. నీ నోరు ఊరికే ఉండదంట గదా."

నాలుక కింద ఇనుము కరుగుతుంటే ప్రపంచంలో ఏ జోకూ గుర్తు రాదు. నా మొహం చూసి వరసంతా నవ్వింది. గత్యంతరం లేక మింగాను. ఆ తర్వాత ప్రతివారం ఆమె ముందుగా నా చేత జోకు చెప్పించి, తర్వాతే మాత్రలు పంచేది. పిల్లలు నవ్వుతూ, తాము భయపడుతున్న సంగతి మరిచిపోయి మింగేసేవారు. నా హాస్యం వల్ల ఎవరికైనా రక్తం పెరిగింది అంటే అప్పుడే. ఆ తర్వాత ఎక్కువగా బీపీయే పెరిగింది.

మా అవ్వకూ రక్తం తక్కువని అవే మాత్రలు ఇచ్చింది. వారం తిరక్కముందే అవ్వ మంచమెక్కి, దొడ్డికి నల్లగా పోతోందనీ, లోపలంతా మాడిపోయిందనీ ప్రకటించింది. చెవికమ్మలు తీసి అమ్మ చేతిలో పెట్టింది. నాయన కళ్లు తుడుచుకున్నాడు. ఇంతలో రమణమ్మ వచ్చి, "ఆ మాత్రకు అట్నే నల్లగా పోతాదవ్వా. భయపడేదేముంది?" అంది. అవ్వ కమ్మలు వెనక్కి తీసుకుని పెట్టుకుంది. చావు తప్పినందుకు కొంచెం చిన్నబుచ్చుకుందని కూడా నా అనుమానం.

"భయపడేదేముంది" అనేది రమణమ్మ ఊతపదం. ప్రసవం నొప్పులకీ, పిల్లల టీకాలకీ అదే మందు. ఆమెకు భయమంటే తెలియదని నేను చాలా ఏళ్లు నిజంగానే నమ్మాను.

నేను డిగ్రీ చదివేటప్పుడు, ఉదయగిరి ఆసుపత్రిలో ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్షలు పెట్టారు. మా ఊళ్లో ఆ పేరు ఎవరూ పలకరు, పలికితే ఇంట్లోకి వస్తుందని. "ఆ జబ్బు" అంటారు, అదీ గొంతు తగ్గించి. "లేనిదాన్ని పిలిచి తెచ్చుకోవడం ఎందుకు?" అని తలుపులేసుకున్నారు. రమణమ్మ ఇల్లిల్లూ తిరిగి, కొందరిని బతిమాలి, కొందరిని తిట్టి, ఆటో నింపింది. అమ్మకు తోడుగా నేనూ ఎక్కాను.

పరీక్ష గదికి ఆకుపచ్చ తెర. దాని వెనక్కి వెళ్లేటప్పుడు ఒక్కొక్కరి మొహంలో నెత్తురు లేదు. బయటికి వచ్చి "ఇంతేనా" అనేవాళ్లు. అందరూ అయ్యాక డాక్టరమ్మ తల బయటపెట్టి, "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"అయిపోయినారు మేడమ్," అంది రమణమ్మ.

"ఒకరు మిగిలినారు మేడమ్, మా నర్సమ్మ," అన్నాను, నోటిదురద కొద్దీ.

అందరూ నవ్వారు. రమణమ్మ నవ్వలేదు. పమిటను ఎడమవైపుకు లాక్కుని గబగబా బయటికి నడిచింది. వెనకే వెళ్లాను. కొళాయి దగ్గర నిలబడి ఉంది. కొళాయి తిప్పనూ లేదు.

"శెనక్కాయలు పీకేటప్పటి నుంచి ఉండాది," అంది నావైపు చూడకుండా. "రొమ్ములో గోలీకాయంత గడ్డ. మా అక్క ఇట్నే పోయింది. చివరిదాకా నేనే చూసుకున్నా."

"మరి వీళ్లందరినీ తోలుకొచ్చినావే నర్సమ్మా?"

"వాళ్లకి ఉండాదో లేదో తెలవదు గదమే. నాది నాకు తెలుసు."

అప్పటికి శెనక్కాయ చేలు మళ్లీ దున్నేశారు కూడా, అంటే నెలలు గడిచిపోయాయి.

ఆటోలోంచి అమ్మ పిలిచి పిలిచి, దిగి వచ్చింది. మా మొహాలు చూసి సంగతి గ్రహించింది. ఆమె వెళ్లి ఏం చెప్పిందో గానీ ఆడవాళ్లంతా ఆటో దిగి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నారు.

"నువ్వు లోపలికి పోతేనే మేం ఊరికి పోయేది," అంది మా పెద్దమ్మ. "ఇంటికాడ సంగటి కెలకాల. బెరీన పోమ్మా."

రమణమ్మ కదల్లేదు. "కాళ్లు రావడంల్యా," అంది. అంత చిన్న గొంతు ఆమెకుందని నాకు తెలియదు. భయపడేదేముంది అందామని నోరు తెరిచాను. రాలేదు, ఎందుకంటే అది అబద్ధం.

"నాకూ భయంగానే ఉండాది నర్సమ్మా," అన్నాను. "పా, పోదాం."

ఏమనుకుందో, నడిచింది. తెర వెనక డాక్టరమ్మ చేయి వెతుకుతూ వెతుకుతూ ఒకచోట ఆగింది. ఆ కాసేపు రమణమ్మ కళ్లు పైకప్పు మీద లేవు, నా మీద ఉన్నాయి.

అది క్యాన్సరే. పేరు పలుకుతున్నాను. నెల్లూరులో ఆపరేషన్ చేశారు. జుట్టు ఊడింది, మొలిచింది, ఆమె మళ్లీ డ్యూటీకి వచ్చింది, కొన్నేళ్లు మా ఊళ్లన్నీ తిరిగింది. తర్వాత అది తిరిగొచ్చింది. ఆమె మొదటిసారే కొంచెం ముందు వచ్చి ఉంటే బాగుండేదని డాక్టర్లు అన్నారు. ఆ మాట ఆమె వినకుండా అన్నామనుకున్నారు. ఆమె విన్నది. పోయిన వానాకాలంలో చనిపోయింది.

మొన్న దుత్తలూరు నుంచి ఒకావిడ షాపుకొచ్చి, తన పక్కింటావిడకు గడ్డ ఉందనీ, కరిగే మాత్ర కావాలనీ అడిగింది. అడుగుతూ పమిట సర్దుకుంది. నేను ఓనరుకు చెప్పి కౌంటరు దాటి వచ్చి, ఆమెను ప్రభుత్వాసుపత్రికి నడిపించుకుపోయాను. గేటు దగ్గర ఆగిపోయింది.

"నీకేం పాపా, చిన్నదానివి. భయం తెలవదు."

"చానా భయమక్కా," అన్నాను. "చేయి పట్టుకో."

పట్టుకుంది. ఇద్దరి చేతులూ చల్లగానే ఉన్నాయి.