గుర్రాలతో మా అత్త తగువు

మా పెద్దత్త పోయిందని పక్కింటావిడ ఫోన్ చేసినప్పుడు నేను ద్వారకా నగర్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "పొద్దున్న లేవనేదు. డాక్టరొచ్చి సూసి, పోయిందన్నాడు," అని చెప్పి పెట్టేసింది. ఆ గొంతులో ఏడుపు లేదు. కూర్మన్నపాలెం దాటి ఉన్న ఆ కాలనీలో మా అత్తతో ఎవరికీ పడేది కాదు. గుర్రాలకు కూడా.

ఒకప్పుడు బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకు తిరిగిన గుర్రాలను, ఇక పనికిరావనుకున్నాక ఎవరో ఆ కాలనీ వెనక తుప్పల్లో వదిలేశారు. వాటికి పిల్లలు పుట్టాయి, ఆ పిల్లలకు పిల్లలు. తాడు ఎరగని గుర్రాలవి. మనిషి దగ్గరికొస్తే పళ్ళు చూపించేవి. మందకంతటికీ ఒక ఎర్ర ఆడగుర్రం పెద్ద. అది కదిలితేనే మిగతావి కదిలేవి.

ఆ ఎర్రది అత్త పెరట్లో తోటకూర మరిగింది. గేటుకు గడియ పెడితే మూతితో ఎత్తి తీసింది. గడియకు తాడు కడితే పళ్ళతో ముడి లాగేసింది. అత్త కర్ర పట్టుకుని కాపు కాస్తే, ఆవిడ స్నానానికి వెళ్ళేదాకా రోడ్డవతల కదలకుండా నిలబడేది.

"దొంగముండ! దీనికున్న బుర్ర ఈ ఈదిలో ఎవులికీ నేదే," అనేది నాతో. అది తిట్టో మెప్పో తెలిసేది కాదు. చివరికి పెరటి చుట్టూ ముళ్ళతీగ కట్టించింది.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఎర్రదాని పిల్ల ఆ తీగలో కాలు ఇరుక్కుని గింజుకుంటోంది. అత్త కటింగ్ ప్లేయర్ పట్టుకుని వంగింది. తల్లి దూకి ఆవిడ భుజం కరిచింది. నేను బకెట్ మీద కర్రతో బాదితే నాలుగడుగులు వెనక్కి తగ్గింది. రవిక చిరిగి రక్తం కారుతున్నా, తీగ తెగేదాకా అత్త లేవలేదు.

ఆస్పత్రిలో కుట్లు వేస్తుంటే నేను గుర్రాన్ని తిట్టాను. అత్త నా మీదికి లేచింది. "ఏటే, పిల్లని ముట్టుకుంటే తల్లి ఊరుకుంతాదేటి? నానైనా అదే సేత్తాను."

చేసింది కూడా. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఒక్కనాడూ ముద్దుగా పిలవలేదు. కానీ నా మీద చెయ్యి వేయబోయిన ట్యూషన్ మాస్టారింటికి చెప్పు పట్టుకుని వెళ్ళింది.

ఆ కాటుతో కాలనీవాళ్ళకు సాకు దొరికింది. అంతకుముందు గుర్రం అడ్డొచ్చి ఒకాయన స్కూటర్ మీంచి పడ్డాడు కూడా. ఒక సాయంత్రం మగవాళ్ళు కర్రలూ టపాకాయలూ పట్టుకుని మందను హైవే మీదికి తరమడానికి బయల్దేరారు. లారీల కింద పడి చస్తే పీడ పోతుందని. టపాకాయ పేలినా గుర్రాలు పరుగెత్తలేదు. పిల్లను నడుమకు నెట్టి, చుట్టూ చేరి, వెనక కాళ్ళు బయటివైపు పెట్టి నిలబడ్డాయి. ఎర్రది ఒక్కతే ముందుకొచ్చి మనుషులకు ఎదురు నిలిచింది.

"రాళ్ళు తియ్యండి బావా," అన్నాడొకడు.

అప్పుడు మా అత్త కట్టు కట్టిన భుజంతో, చేతికర్రతో మధ్యలోకి నడిచింది.

"తప్పుకో పిన్నీ. నిన్నే కరిసింది కదా!"

"కరిసింది నన్ను. నీకేటిరా నొప్పి?"

"రేపు మా పిల్లల్ని కరుత్తాది."

"మీ పిల్లల్ని మీరు కాసుకోండి. దాని పిల్లని అది కాసుకుంతంది. రోడ్డు మీదికి తోలాలంటే ముందు నన్ను తోలండి."

ఒక రాయి వచ్చి ఆవిడ మోకాలికి తగిలింది. విసిరింది తనేనని ఎవరూ ఒప్పుకోలేదు. ఆవిడ కర్ర ఎత్తి కుంటుకుంటూ ముందుకెళ్ళింది. ఒక్కొక్కరే జారుకున్నారు.

ఆనాటి నుంచి వీధంతా ఆవిడతో మాట మానేసింది. ఆవిడ లెక్కచేయలేదు. ముళ్ళతీగ పీకించేసింది. మర్నాడే మళ్ళీ తోటకూరలో దూరిన ఎర్రదాన్ని తరుముతూ, ఫోన్లో నాకు వినబడేలా తిట్టింది.

పెద్దకర్మ అయ్యాక సాయంత్రం నేను తుప్పలవైపు వెళ్ళాను. ఎర్రది మేత ఆపి తల ఎత్తింది. ఈ ఏడు పుట్టిన పిల్ల దాని పక్కనే ఉంది. చెవులు వెనక్కి వంచి, నాకూ పిల్లకూ మధ్య అడ్డంగా వచ్చి నిలబడింది. నేను వెనక్కి వెనక్కి నడిచి రోడ్డెక్కేదాకా నా మీంచి చూపు తిప్పలేదు.