తెల్లవారుజామున ఎక్కిన దూలం

"పొద్దున బాగనే ఉంటది మేడమ్, పగటీలి వంగుతది" అన్నాడు యాదయ్య ఫోన్లో. ఇనప దూలం గురించి ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. కొత్వాల్‌గూడలో ఆయన కట్టించిన ఫంక్షన్ హాల్లో వచ్చే ఆదివారం మొదటి పెళ్లి. అదీ సొంత కూతురిదే.

ఏడున్నరకు మెహదీపట్నంలో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు ఇచ్చారు. గగన్‌పహాడ్ లారీల మధ్య బస్సు నత్తనడక పట్టింది. పక్క సీట్లో పూలబుట్టతో ఉన్నావిడ ఎక్కడికని అడిగితే, ఇంజనీర్ననీ, ఒక దూలం వంగుతోందంటే చూడ్డానికి వెళ్తున్నాననీ చెప్పాను.

"దూలానికి గూడ దవాఖాన ఉంటదా అక్కా?"

"ఉంటే నాకీ తిరుగుడు తప్పేది" అన్నాను.

శంషాబాద్‌లో దిగి ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాను. కొత్వాల్‌గూడకు రెండు వందలు అడిగి నూటయాభైకి వచ్చాడు. వెళ్లేవారు బేరమాడండి.

హాల్లో రెండు కాంక్రీటు గోడల మధ్య, పసుపు కుంకుమ బొట్లతో దూలం తిన్నగానే ఉంది. రెండు చివరలనూ గోడల్లోని ఇనప పలకలకు వెల్డింగ్ చేసేశారు. అసలు సంగతి యాదయ్యే చెప్పాడు. దూలం గోరంత పొడవు ఎక్కువైందట. పగలు ఎంత తంటాలు పడ్డా దూరలేదు. తెల్లవారుజామున ముహూర్తానికి ఎత్తితే చక్కగా దూరింది.

"దేవుడే సదిరిండు అనుకున్నం" అన్నాడు.

దేవుడు కాదు, చలి. చల్లబడిన ఇనుము కురచై దూరింది. ఎండకు సాగబోతే గోడలు జాగా ఇవ్వవు. ముందే ఎక్కువైన పొడవు, పైన ఎండ, రెండూ కలిసి దూలాన్ని నొక్కుతున్నాయి, గోడల్ని తోస్తున్నాయి. ఒక చివర కోసి, అటూ ఇటూ జరిగేలా కోల రంధ్రాల్లో బోల్టులు వేయమన్నాను.

"పూజ చేసిన దూలానికి గ్యాస్ కట్టర్ పెట్టుడా? పిల్ల పెండ్లి ముంగట? గట్ల జెయ్య మేడమ్."

నాకు ఒళ్లు మండింది. అయినా కళ్లతోనే చూపిద్దామని, దూలాన్ని తాకేలా ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు బిగించాను. వాళ్లింట్లో చింతకాయ తొక్కుతో భోంచేసి రెండింటికి మళ్లీ వచ్చాం. దూలం నడిమధ్యలో తాడుకు నాలుగు వేళ్లు పక్కకు జరిగింది. గోడ మూలన సన్నగా పగులు.

యాదయ్య భార్య లక్ష్మమ్మ తాడుకూ దూలానికీ మధ్య సందు చూసి భర్త వైపు తిరిగింది.

"దీని కిందనే నా బిడ్డను కూసోబెడ్తవా?"

యాదయ్య గోడ పగులు మీద వేలు పెట్టి చూశాడు. "ఇగ కోయిండ్రి. పంతుల్ని అడిగి మంచి గడియ పెడ్త."

ఆ గడియ పట్టపగలు పడితే? "ఎండలో వద్దు బాపూ. బిగుసుకున్న ఇనుము తెగితే ఎగిరి తంతుంది. కింద సపోర్టులు పెట్టి తెల్లవారుజామునే కోయాలి."

నాలుగింటి బస్సులో కిటికీ సీటు దొరికింది. గగన్‌పహాడ్ దగ్గర యాదయ్య ఫోన్ చేశాడు.

"తెల్లారంగ మంచిగ లేదన్నడు మేడమ్ పంతులు. జర ఇంకోసారి చూడుమన్న. ఇప్పుడు తెల్లారంగనే మంచిగుందన్నడు."

ముహూర్తాల మీద నాకు నమ్మకం లేదు. ఆ పంతులు మీద మాత్రం గౌరవం కలిగింది. ఇంతలో లక్ష్మమ్మ ఫోన్ అందుకుంది.

"కోసేటప్పుడు నువ్వు దగ్గరుండాలె. పెండ్లికి గూడ రావాలె."

రెండింటికీ వస్తానన్నాను. భోజనానికి నా కుర్చీ ఆ దూలం కిందే వేయమన్నాను.