ఎర్ర పీలిక కట్టిన పొద

మనిషి నవ్వితే ఎఫీమ్‌కి అనుమానం. నవ్వకపోతే ఇంకా అనుమానం. కామా నది ఒడ్డున ఇటుకల ఫ్యాక్టరీలో బండ్లకి సరుకెక్కించి, దించి, నడుం అరిగిపోయిన మనిషి అతను. ఓసారి సంతలో బూట్లు కొంటే ఇంటికొచ్చాక రెండూ ఎడమకాలివే అని తేలింది. ఇంకోసారి తేనె కొంటే అడుగున పంచదార పాకం. అప్పటినుంచి రొట్టె కొన్నా వేలితో నొక్కి చూసిగాని సంచిలో వేసుకోడు.

అలాంటివాడు కూడా పోయినేడు మోసపోయాడు. లారీ వెనక నిలబడి ఒకడు ఫోటోల ఆల్బం తిప్పి చూపించాడు. రాస్ప్‌బెర్రీ చెట్లు, ఒక్కో పండు కోడిగుడ్డంత. మూడు కర్రలు కొని తెచ్చి నాటితే వేసవికల్లా అవి రోడ్డు పక్కన మొలిచే విల్లో కొమ్మలుగా తేలాయి. భార్య తాయా ఆ కొమ్మలు కోసి చీపురు కట్టి, తోటలో వాళ్ళ చెక్కగది గుమ్మానికి ఆనించింది. వచ్చినప్పుడల్లా అతని కళ్ళబడేలా.

తాయా పుట్టి పెరిగింది ఉత్తరాన బొగ్గు గనుల ఊళ్ళో. అక్కడ పండంటే డబ్బాలో వచ్చేదే. ఒక్కసారైనా తన పొద నుంచి తనే కోసి జామ్ కాయాలని ఆమె కోరిక. ముఖ్యంగా స్మొరోదినా, అంటే పచ్చి మిరియాల గుత్తిలా వేలాడుతూ పండి నల్లబడే పుల్లపళ్ళు. ఆ కోరికతోనే ఊరవతల తోటల సంఘంలో ఈ ముక్క నేల తీసుకున్నారు.

"ఇదే ఆఖరు," అంది తాయా. "ఈసారి కూడా మోసపోయి వచ్చావంటే మొత్తం బంగాళాదుంపలు వేసేస్తా. పళ్ళ మాట నా దగ్గర ఎత్తకు."

కంచెకి అవతల జీనా అత్త తోట. మొగుడు పోయి చాలా కాలమైంది. కంచె పొడవునా ఆమెది స్మొరోదినా వరస. జులైలో బకెట్లకి బకెట్లు కోసి రైలు ప్లాట్‌ఫాం మీద కూర్చుని అమ్ముతుంది. ఆ డబ్బుతోనే చలికాలానికి కట్టెలు వేయించుకుంటుంది. వరస బాగుంటే పొయ్యి వెలుగుతుంది, లేకపోతే లేదు. ఆ సంగతి సంఘంలో అందరికీ తెలుసు.

సెప్టెంబరులో ఒకరోజు ఆమె కంచె మీంచి పిలిచింది.

"ఎఫీమూ, బావి వైపు పొదకి పిల్లమొక్క వేరు పట్టింది. రేపు నేను ఊళ్ళోకి వెళ్తున్నా. గేటుకి గడియ పెట్టను. వచ్చి తవ్వుకుపో."

"ఎంతిమ్మంటావు అత్తా?"

"డబ్బులిస్తే బతకదు. థాంక్స్ అన్నావంటే అసలే బతకదు. దొంగతనంగా తీసుకెళ్తేనే మొక్క నాటుకుంటుంది. నీకు తెలీదూ?"

తెలుసు. అతని తల్లి కూడా పక్కింటి కిటికీలో పూలకుండీ నుంచి కొమ్మలు తుంచుకొచ్చేటప్పుడు ఇలాగే నోరు మూసుకుని వచ్చేది. కానీ ఎఫీమ్ బుర్ర వేరే దారి పట్టింది. సరిగ్గా రేపే ఊళ్ళోకి ఎందుకు వెళ్తోంది? గేటు ఎందుకు తీసిపెడుతోంది? సంఘం మీటింగులో లేచి "నా పక్కవాడు నా మొక్క ఎత్తుకుపోయాడు" అంటే తనేం చెప్తాడు? పైగా కంచె గుంజలు జానెడు ఆమె వైపుకి ఒరిగి ఉన్నాయి. ఆ జానెడు నేల వెనక్కి లాక్కోవడానికే ఈ ప్రేమంతా.

మర్నాడు అతను వెళ్ళలేదు. సాయంత్రం జీనా తిరిగొచ్చి, మొక్క ఉన్నచోటే ఉండటం చూసి, తలుపు వేసుకుంది.

శనివారం ఊళ్ళో మొక్కల సంత. ఎఫీమ్ పొద్దున్నే వెళ్ళి రెండు చుట్లు తిరిగాడు, ఏదీ కొనలేదు. ఆల్బం ఉన్నవాళ్ళ దగ్గర ఆగనేలేదు. చివరికి మగాళ్ళ కోటు వేసుకున్న ఒక లావుపాటి ఆవిడ దగ్గర కూర్చుని స్మొరోదినా పొదలు ఒక్కొక్కటే పరీక్ష చేయడం మొదలుపెట్టాడు. వేళ్ళు విడదీశాడు. ఆకు నలిపి వాసన చూశాడు. గోటితో బెరడు గీకాడు.

"ఎందుకన్నా అంత గోకుతున్నావు? దానికేం దురదా?" అంది ఆవిడ.

"గోకితేనే తెలుస్తుంది."

"పెళ్ళిలో కూడా ఇలాగే గోకి చూశావా?"

"మా ఆవిడ చూసుంటే బాగుండేది. నన్ను చేసుకునేది కాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎఫీమ్ నవ్వలేదు. అతని చూపు ఆవిడ వెనక, గోనెపట్టా కింద సగం దాగిన పొద మీద పడింది. దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది. మొగ్గలు బఠాణీ గింజల్లా గుండ్రంగా, లావుగా ఉబ్బి ఉన్నాయి. ముందు వరసలో పెట్టినవాటి మొగ్గలు సన్నగా, ముల్లులా ఉన్నాయి.

"అదెంత?"

"అది అమ్మేది కాదు. కట్టలో పొరపాటున వచ్చేసింది. ఇంటికెళ్ళి కాల్చేయాలి. దానికి రోగం."

"రోగమా? అంత పుష్టిగా ఉంటేనా?"

"అదే దాని రోగం. నువ్వు దీన్ని తీసుకో అన్నా, చిన్నదైనా మంచిది," అంటూ ఆవిడ ఒక సన్న మొగ్గల పొద అతని చేతిలో పెట్టి, వేరే బేరం పిలిస్తే అటు తిరిగింది.

ఎఫీమ్ అక్కడే కూర్చుండిపోయాడు. మంచి సరుకు దాచుకునే ప్రతివాడూ ఇదే మాట అంటాడు. ఫ్యాక్టరీలో పెద్దవాళ్ళు తమ ఇళ్ళ కోసం పక్కన పెట్టించిన ఇటుకల మీద కూడా సుద్దతో 'పనికిరావు' అనే రాయించేవాళ్ళు. ఎర్ర పీలిక కట్టారంటే ఎవరో ముందే మాట్లాడుకున్నారన్నమాట.

సన్న మొగ్గల పొద కింద పెట్టాడు. దాని ధర ఎంతో అంత డబ్బు ఆవిడ పక్కనున్న ఖాళీ పెట్టెలో వేశాడు. ఎర్ర పీలిక పొదని కోటు లోపలికి దోపుకుని జనంలో కలిసిపోయాడు. డబ్బిచ్చాడు కాబట్టి దొంగతనం కాదు. అడగకుండా తీశాడు కాబట్టి దొంగతనమే, మొక్క బాగా నాటుకుంటుంది. రెండు రకాలుగానూ తనకే లాభమని లోకల్ రైల్లో దారి పొడవునా అనుకుంటూ వచ్చాడు.

"ఈసారి ఎవరు మోసం చేశారు?" అంది తాయా.

"ఎవరూ చేయలేదు. ఈసారి నేనే చేశా."

దాన్ని తీసుకెళ్ళి సరిగ్గా కంచె పక్కన, జీనా వరసకి ఎదురుగా నాటాడు. ఆమె చూడాలి. పీలిక కూడా విప్పలేదు.

మార్చి చివర మంచు కుంగి పొదలు బయటికొచ్చాయి. ఒక ఉదయం జీనా పెద్ద నీళ్ళపోత క్యాను పట్టుకుని తన వరస దగ్గరికి వచ్చింది. క్యానులోంచి ఆవిర్లు. కంచె దగ్గరికి రాగానే ఆగిపోయింది.

"ఎఫీమూ, ఆ గుడ్డ ఎవరు కట్టారు?"

"అమ్మిన ఆవిడ."

"అమ్మిందా?"

ఎఫీమ్ చూపు క్యాను మీదికి తిప్పాడు. జీనా కంచె మీంచి చెయ్యి చాపి ఒక మొగ్గని రెండు వేళ్ళతో పట్టుకుంది.

"ఇది నల్లి నాయనా. కంటికి కనపడదు. మొగ్గలో కూర్చుని లోపలంతా తినేస్తుంది. ఎండెక్కితే బయటికొచ్చి గాలికి కొట్టుకొచ్చి నా వరసలో పడుతుంది. పీకి కాల్చెయ్."

"నీ మొగ్గలకంటే లావుగా ఉన్నాయనా?"

"లావే. శవం పొట్ట కూడా లావుగానే ఉబ్బుతుంది."

"మాట తిన్నగా రానీ అత్తా."

"సరే, పీకొద్దు. ఈ వేడినీళ్ళయినా పోయనివ్వు. పూర్తిగా చావదుగానీ కొంత తగ్గుతుంది."

"వేడినీళ్ళా? నా పొద మీదా?"

ఎఫీమ్ పొదకి అడ్డంగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జీనా అతని మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి తన పొదల మీద, ఒక్కోదాని మీద కొంచెం కొంచెంగా, ఆ మరిగిన నీళ్ళు పోసుకుంటూ వెళ్ళింది. తనని నమ్మించడానికి తన పొదలనే ఉడకబెట్టుకుంటోంది అనుకున్నాడు ఎఫీమ్. ముసలిదానికి ఆ జానెడు నేల మీద అంత ఆశ.

ఆ తర్వాత వచ్చిన ప్రతి సెలవురోజూ కంచె దగ్గరికే వెళ్ళి, రాత్రి ఎవరైనా వచ్చి నీళ్ళు పోశారేమో అని నేల తడి చూసేవాడు. జీనా వేడినీళ్ళు పోసిన పొదలు పచ్చబడ్డాయి. ఆకులు విచ్చి, గుత్తులు కట్టి, పూత కూడా మొదలైంది. అతని పొద మొగ్గలు ఇంకా అలాగే గుండ్రంగా ఉన్నాయి, వదులైన క్యాబేజీల్లా.

"అవతలివి పూతకొచ్చాయి," అంది తాయా. "మనవి?"

"పెద్ద మొగ్గలు కదా. టైం పడుతుంది."

తాయా ఒక మొగ్గ తుంపి అరచేతిలో చిదిమింది. అందులో ఆకు లేదు, పువ్వు లేదు. పొట్టులాంటిది పొడిపొడిగా రాలింది. ఇంకోటి చిదిమింది. అదీ అంతే. ఆమె గుమ్మం దగ్గరున్న చీపురు వైపు చూసింది, అరచెయ్యి గౌనుకి తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

ఎఫీమ్ పార తెచ్చి పొదని వేళ్ళతో సహా పెకలించాడు. ఇనప పీపాలో వేసి పీలికతో సహా కాల్చాడు. పొగ కంచె మీంచి అవతలికి పోయింది. జీనా వచ్చి చూసింది.

"ఆలస్యమైంది," అంది. "పడాల్సినవి పడే ఉంటాయి."

"ఎలా తెలుస్తుంది?"

"శరత్కాలంలో మొగ్గలు చెప్తాయి. అప్పటిదాకా ఎవరూ చెప్పలేరు."

ఆ వేసవంతా ఎఫీమ్‌కి మనుషుల మీద అనుమానం తీరుబడిగా పెట్టుకునే వీలు లేకపోయింది. ఉన్నదంతా జీనా పొదల మీద పెట్టాడు. జులైలో ఆమె బకెట్లు మోస్తుంటే, ఈ పళ్ళు వచ్చేయేడు ఉంటాయా అని చూశాడు. సరుకు దించి నడుం పట్టేసిన రోజున కూడా కంచె మీద గడ్డం ఆనించి కొమ్మలు వెతికేవాడు. ఒక మొగ్గ మిగతావాటికంటే కొంచెం లావుగా కనిపిస్తే కళ్ళు చికిలించి మళ్ళీ మళ్ళీ చూసేవాడు.

సెప్టెంబరులో కనిపించాయి. కంచె పక్కన, అతని పొద ఉన్నచోటుకి ఎదురుగా ఉన్న పొదలో ఒకే కొమ్మ మీద గుండ్రటి మొగ్గలు. జీనాని పిలిచి చూపించాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఆ పొదంతా చూసింది, తర్వాత పక్కదాన్ని, ఆ పక్కదాన్ని, బావి దాకా. చాలాసేపు పట్టింది.

"ఇది ఒక్కటే," అంది వచ్చి. "వరసలో ఎక్కువ కాసేది ఇదే."

ఎఫీమ్ కంచె దాటాడు. పెద్ద పొద, వేళ్ళు లోతుకి పోయాయి. పార దిగదు, గడ్డపలుగు తెచ్చాడు. మధ్యలో నడుం పట్టేస్తే మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తోడాడు. జీనా బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని చూసింది. వద్దనలేదు, సాయం పట్టలేదు. పొద పీపాలో మండుతుంటే, తనలో తను అనుకున్నట్టు అంది:

"రేపు నేను ఊళ్ళోకి వెళ్తున్నా."

ఎఫీమ్ తల ఎత్తి చూశాడు. ఆమె మంటనే చూస్తోంది.

మర్నాడు గేటుకి గడియ లేదు. బావి వైపు పొద పక్కన పిల్లమొక్క ఏడాదిలో మోకాలెత్తు ఎదిగింది. పక్కన పార ఆనించి ఉంది. మొక్కకి ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది.

ఎఫీమ్ కాళ్ళు అక్కడే ఆగాయి. ఎరుపంటే కాల్చాల్సింది కదా. ముసలిది పగ తీర్చుకుంటోందా? కూర్చుని మొదటి కొమ్మ కింది నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో మొగ్గనీ వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. సన్నగా, ముల్లులా ఉంది ప్రతిదీ. బెరడు గీకాడు, పచ్చగా ఉంది. మళ్ళీ మొదటినుంచి చూశాడు. మూడోసారి చూడబోతుంటే జీనా ఇంటి కిటికీలో తెర కదిలినట్టనిపించింది. తెర వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

అతను అటు చూడలేదు. గబగబా మట్టిగడ్డతో సహా మొక్కని తవ్వి కోటు లోపల దోపుకున్నాడు. గేటు దాటేటప్పుడు థాంక్స్ అనే ఆ పాడు మాట నాలుక చివరిదాకా వచ్చింది. దవడ బిగించి, దొంగలా వంగి తన తోట వైపు నడిచాడు.