రెండో బోనం పన్నెండో చోటుకు పోయిన పూట

శామీర్‌పేట పక్కన మా ఊళ్లో బోనాల నాడు ఇరవై ఇళ్ల బోనాలు వరసగా గుడికి కదులుతాయి. ఎవరి వెనక ఎవరో తాతల కాలంలోనే తేలిపోయింది. మొదటిది పెద్దింటిది. గుడికి జాగ ఇచ్చిన ఇల్లు కాబట్టి రెండోది మా మేనత్తది. ఆ చోటు ముందు ప్రధానమంత్రి పదవి కూడా ఆవిడకు చిల్లర కొలువే.

నిరుడు కమిటీవాళ్లు ఆ వరసను గుడి ముందు పెద్ద తెర మీద చూపించమన్నారు. కంప్యూటర్ ఉద్యోగం చేసేవాణ్ణి నేనే కదా! తొమ్మిది ఇళ్లతో సరిచూసుకుని, చంద్రుడి మీద రాకెట్ దింపినవాడిలా కాలరెగరేశాను.

పండగ పూట తెర వెలిగింది. ఒకటి, తర్వాత పది, పదకొండు, అలా పంతొమ్మిది దాకా. అప్పుడు రెండు! నెత్తిన బోనంతో నిలబడ్డ అత్త పన్నెండో చోటుకు పోయింది. డప్పులు ఆగాయి.

నేను వాడిన కంప్యూటర్ భాష, జావాస్క్రిప్ట్, దాని గుణమే అంత. అంకెల్ని వరసగా పేర్చమంటే, లోలోపల వాటిని అక్షరాలుగా మార్చేసి, నిఘంటువులో మాటల్లా సర్దుతుంది. ఒకటితో మొదలయ్యేవన్నీ అయ్యాకే దానికి రెండు గుర్తొస్తుంది. తొమ్మిది ఇళ్లతో చూస్తే ఆ సంగతి ఎలా బయటపడుతుంది?

పదో ఇంటి కోడలు, యాప్రాల్ నుంచి వచ్చిన పిల్ల, బోనంతోనే పక్కకు జరిగింది. "నువ్వే ముంగట నడువు అవ్వా. మాకెర్కలేదా ఏంది?"

"నువ్వు జరిగితే అది నీ మంచితనం బిడ్డా. నా జాగ నాకు గా తెర మీద రావాలె." అత్త నావైపు తిరిగింది. "అల్లుడా, పది పెద్దదా, రెండు పెద్దదా?"

"పదే అత్తా."

"మరి గది నా ముంగట ఎందుకు నిలవడ్డది? ఏం సదువు సదివినవ్‌రా!"

"ఆగు అత్తా, జల్దీ చేస్తున్న."

గుడి మెట్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచాను. నాకు పట్టిన చెమటకు శామీర్‌పేట చెరువు నిండి మత్తడి దూకేది. ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసివేసి, ఏది చిన్నదో చూసి పేర్చమని రాశాను. తీసివేతంటే దానికి అంకెలే కావాలి. అక్షరాల ఆటలు సాగవు.

అంతసేపూ అత్త మెడ వంచలేదు, బోనం దించలేదు. నెత్తిన దీపం వెలుగుతూనే ఉంది.

తెర నల్లబడి మళ్లీ వెలిగింది.

"ఏమొచ్చింది, సదువు బిడ్డా," అని అత్త పదో ఇంటి కోడల్ని అడిగింది.

"ఒకటి అవ్వా. దాని ఎన్క నువ్వే."

అత్త డప్పులవాళ్లకేసి చూసింది. "ఇగ ఏం సూస్తున్నరు? కొట్టుండ్రి!"