మూల చిరిగిన కవరు

మా ఊళ్ళో నేను ఒకసారి చచ్చిపోయాను. వేళాకోళానికి అనడం లేదు. నాకు దినం చేశారు, నా పేరు మీద రాయి పాతారు, చుట్టుపక్కల మూడూళ్ళ వాళ్ళు వచ్చి భోంచేసి వెళ్ళారు. ఆ రోజు నేను టాంజానియాలో ఒక కొండ మీద, మిషన్ బడి వెనక మొక్కజొన్న పిండి బస్తాలు దింపుతూ ఉండి ఉంటాను. నాకప్పటికి ఇరవై నాలుగేళ్ళు. ఆరోగ్యంగానే ఉన్నాను.

మాది పెదబయలు దాటి, జీపు వెళ్ళగలిగినంత వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకో పూట నడిస్తే వచ్చే ఊరు. పాతిక గడప ఉంటుంది. అమ్మ నా చిన్నప్పుడే జ్వరంతో పోయింది. మిగిలింది అయ్య, అప్ప, నేను. మా వైపు నాన్నని అయ్య అంటాం, అక్కని అప్ప అంటాం. అయ్య పోడు కొట్టి సామలూ, మా వైపు చోళ్ళు అనే రాగులూ పండించేవాడు. నన్ను చర్చి హాస్టల్లో చేర్చింది చదువు కోసం, నిజం చెప్పాలంటే తిండి కోసం. దేవుడు తర్వాత వచ్చాడు. పదహారో ఏట నేను బాప్తిస్మం తీసుకుని, ఆ సంగతి చెప్పడానికి భయపడుతూ ఇంటికి వెళితే అయ్య కోప్పడలేదు. "నీళ్ళల్లో ములిగావేటి? తల తుడుసుకో, జలుబు సేత్తాది" అన్నాడు. నా కొత్త విశ్వాసం గురించి ఆయన మాట్లాడింది ఆ ఒక్క మాటే.

తొంభైల నడిమిలో మా సంఘం పెద్దలు ఆఫ్రికాకి మనిషిని పంపాలనుకున్నారు. అక్కడా కొండలే, కొండవాడైతే తట్టుకుంటాడని నన్ను ఎంచారు. నాకు గర్వంతో కాళ్ళు నేల మీద ఆనలేదు. అయ్య మాత్రం "అక్కణ్ణుంచి సంతకి ఒచ్చి ఎల్లిపోగలవా?" అని అడిగాడు. రాలేనన్నాను. "మరైతే అదెంత దూరమో నాకు తెలవదు" అని కొడవలి పట్టుకుని పనిలోకి వెళ్ళిపోయాడు.

వాక్యం చెప్పడానికి వెళ్ళిన నేను అక్కడ చేసిన పనేమిటంటే, గోతులు తవ్వడం. మనుషులు సన్నబడి సన్నబడి పోయే రోగం ఆ కొండల్ని ఊడ్చేస్తోంది. రోగం పేరు పైకి అనేవాళ్ళు కాదు. వారంలో రెండు మూడు సమాధులు. పాతిపెట్టాల్సిన వాళ్ళలో సగం మంది నా ఈడు వాళ్ళే. వాళ్ళ భాష నాకు సరిగ్గా రాదు, ప్రార్థన తప్పులతో చదివేవాణ్ణి. ఎవరూ నవ్వేవారు కాదు. చుట్టూ కాఫీ మొక్కలు, అచ్చం మా అరకు వైపు ఉన్నట్టే. వాటిని చూస్తే హాయిగా ఉండాలి కదా. నాకు ఏడుపొచ్చేది.

ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఇదేదీ లేదు. బాగున్నాను, తిండి బాగుంది, ఇక్కడా కొండలే అని రాసేవాణ్ణి. మా ఊరికి పోస్టు రాదు, వచ్చినా చదివేవాళ్ళు లేరు. అందుకని హాస్టల్ వార్డెన్ గారి పేరున రాసేవాణ్ణి. ఆయన నెలకోసారి మా ఊరి మీదుగా తిరిగేవాడు. అయ్యని కూర్చోబెట్టి ఉత్తరం చదివి వినిపించి, ఆయన చెప్పింది రాసుకుని నాకు పంపేవాడు. అయ్య చెప్పేది రెండు ముక్కలు. 'ఎద్దుకి కాలు నయమైంది. వాన పడింది. బేగి రా.' ఆ రెండు ముక్కలూ నేను నెలంతా చదువుకునేవాణ్ణి. సువార్త కూడా అంత శ్రద్ధగా చదవలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

వార్డెన్ గారి కూతురికి స్టాంపులు దాచే సరదా. జిరాఫీలూ సింహాలూ ఉన్న స్టాంపులు చూసి ఆ పిల్ల మురిసిపోతోందని ఆయన రాస్తే, నేనే ఉత్సాహపడ్డాను. పెద్ద బొమ్మ ఉన్న స్టాంపు వెతికి మరీ అంటించి, 'ఇది పాపకి తీసి ఇవ్వండి' అని కవరు వెనక రాసేవాణ్ణి. ఆయన కవరు మూల చింపి స్టాంపు తీసేవాడు. కవరుతో మా అయ్యకి పనిలేదు కాబట్టి అది ఎలా ఉన్నా ఫరవాలేకపోయింది.

రెండో ఏడు వానలకి ఘాట్ రోడ్డు తెగిపోయింది. వార్డెన్ గారు కొండెక్కలేకపోయారు. పైగా ఆయనకి కోస్తా వైపు బదిలీ అయింది. వెళ్ళిపోయే హడావిడిలో కూడా పాపం మరిచిపోకుండా, మూల చింపి స్టాంపు తీసుకుని, సంతకి వచ్చిన మా ఊరి మనిషి చేతికి ఉత్తరం ఇచ్చి పంపారు.

ఇక్కడ మా వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. చావు కబురు రాసిన ఉత్తరానికి ఒక మూల చింపి పంపుతారు. చదువు రానివాడికి కూడా అది ఏ కబురో చేతిలోకి రాగానే తెలియాలని. అలాంటి కాగితాన్ని గడప దాటించకూడదు. మైదానం షావుకార్ల దగ్గర నేర్చుకున్న అలవాటో, తేయాకు తోటలకు కూలికి పోయినవాళ్ళు తెచ్చిందో తెలియదు. వార్డెన్ గారు తెచ్చి చదివేవి కాక, మా ఊరికి అంతకుముందు వచ్చిన ఉత్తరం ఒక్కటే. తేయాకు తోటల్లో మా చిన్నాన్న చనిపోయినప్పుడు వచ్చింది. దానికీ మూల లేదు.

అయ్య కవరు చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. ఇంట్లోకి వెళ్ళలేదు. అటునుంచి అటే గెడ్డ దగ్గరికి నడిచి ప్రవాహంలో వదిలేశాడట. మూడో క్లాసు దాకా చదివిన మా అప్ప అత్తారింటి నుంచి పరుగెత్తుకొచ్చి, "ఉత్తరం ఏది అయ్యా, నాను సదువుతాను" అందట. "సదివితే బతికొత్తాడేటే?" అన్నాడట. ఆ ఉత్తరంలో నేను రాసింది, వచ్చే ఏడాది సెలవు దొరకొచ్చు, వస్తాను అని.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసింది ఒక్కటే, ఇంటినుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. ఆరు నెలలు రాశాను. నా ఉత్తరాలు హాస్టల్లో, కొత్త వార్డెన్ గారి బీరువా మీద పోగుపడ్డాయి. అవి ఎవరివో ఆయనకేం తెలుసు? నాకేమో ఒళ్ళు మండింది. వాన పడిందని ఒక ముక్క చెప్పి రాయించడానికి అంత కష్టమా అనుకున్నాను. దేవుణ్ణి మార్చుకున్నందుకు ఇన్నాళ్ళకి కసి తీర్చుకుంటున్నాడని కూడా అనుకున్నాను. అలిగి నేనూ రాయడం మానేశాను. ఊరూరా తిరిగి క్షమించమని చెప్పేవాణ్ణి, ఇంటి మీద అలిగి కూర్చున్నాను.

నాలుగో ఏట సెలవు దొరికింది. సంతరోజున పెదబయల్లో జీపు దిగాను. అడ్డాకులు అమ్ముకుంటున్న మా పక్కింటి పిన్ని కనిపిస్తే, నవ్వుతూ ఎదురెళ్ళాను. ఆవిడ నన్ను చూసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, సరుకు అక్కడే వదిలేసి పారిపోయింది. మా ఊరి మగవాళ్ళు ఇద్దరు దూరంగా నిలబడి నా పాదాల వంక చూశారు. నేల మీద ఆనుతున్నాయా లేదా అని. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఊరి పొలిమేర దాకా ఉంది.

పొలిమేరలో అయ్య నిలబడి ఉన్నాడు. కబురు నాకంటే ముందే చేరింది. పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. నాకు పదడుగుల దూరంలో ఆగిపోయాడు. చేతులు ముందుకి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. పక్కన దిసారి, అంటే మా ఊరికి మంచీ చెడూ చూసి పూజలు చేసే పెద్దమనిషి. ఆయన చేతిలో ఒక ఎర్రకోడి.

దిసారి నెమ్మదిగానే చెప్పాడు. దినం అయిపోయిన మనిషి ఊళ్ళోకి ఊరికే రాకూడదు. గెడ్డలో మునగాలి, కోడి నెత్తురు నుదుట పెట్టుకోవాలి, తన రాయిని తన చేత్తోనే పడదొయ్యాలి. అప్పుడు అయ్య పసిపిల్లాడికి పెట్టినట్టు ముద్ద పెట్టి, కొత్తగా పేరు పెడతాడు. అక్కడితో సరి. అదంతా అరగంట పని.

ఆ అరగంట నేను ఇవ్వలేదు.

నాకు ఇరవై ఆరేళ్ళు. నాలుగేళ్ళు చావుల మధ్య బతికి వచ్చాను, నా నమ్మకం తప్ప నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. దాన్ని కూడా ఒక కోడి దగ్గర వదిలెయ్యమంటున్నారని అనిపించింది. నేను చావలేదు, మీరు పొరబడితే నేనెందుకు పుట్టాలి అన్నాను. రక్తం పెట్టుకోను, రాయిని ముట్టుకోను అన్నాను. ఇంకా చాలా అన్నాను. పొలిమేరలో నిలబడి ప్రసంగం చేశాను. ఊరంతా విన్నది. అంత బాగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు, అదీ నా దరిద్రం.

అయ్య మొత్తం విన్నాడు. "ఒరే, ఒక్క కోడి రా" అన్నాడు. "నీ దేవుడికి కోపమొత్తే నాను సెప్పుకుంటాను. మా గుంటడి తప్పు నేదు, నానే సేయించినానని సెప్తాను" అన్నాడు. నేను తల అడ్డంగా తిప్పాను. ఆయన దిసారి చేతిలోంచి కోడిని తీసుకుని, దాని కాళ్ళకి కట్టిన తాడు విప్పేసి, ఇంటికి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు బడి అరుగు మీద ఉన్నాను. అప్ప అన్నం తెచ్చి, నాకు అందకుండా దూరంగా పెట్టి, జరిగిందంతా చెప్పింది. అయ్య ఒకసారి ఆ దారిన పోతూ ఆగాడు. "ఏటైనా కావాలా సారూ?" అన్నాడు. ఊళ్ళోకి వచ్చే ఎరువుల ఆఫీసర్ని అడిగినట్టు అడిగాడు. కోపంతో అన్న మాట కాదు. చచ్చిపోయిన కొడుకు పేరుతో నన్ను పిలవకూడదు, ఇంకో పేరు నాకు లేదు. నాలుగోనాడు పొద్దున్నే దిగి వెళ్ళిపోయాను.

తర్వాత ఎనిమిదేళ్ళు టాంజానియా కొండల్లోనే పనిచేశాను. ఉత్తరాలు అప్పకి రాసేవాణ్ణి, ఆమె తప్పులతోనే అయినా జవాబిచ్చేది. అయ్య నుంచి ఒక్క మాటా లేదు. ఒకసారి సెలవుకి వచ్చి కూడా, మైదానంలోనే నెలంతా గడిపి, కొండెక్కకుండా వెనక్కి పోయాను. విశ్వాసం కోసమని పైకి చెప్పేవాణ్ణి. అహంకారమని లోపల తెలుసు. అక్కడి ముసలివాళ్ళు తమ పిల్లల సమాధుల దగ్గర గొణుక్కుంటూ కూర్చోవడం చూసీ చూసీ, ఏ దేవుడూ ఒక కోడి గురించి ఇంత పట్టింపు పెట్టుకోడని నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. వచ్చే ఏడాది వెళ్ళాలని, వెళ్ళి గెడ్డలో మునగాలని అనుకున్నాను. అప్పకి రాశాను కూడా.

అప్పటికి సెల్‌ఫోన్లు వచ్చాయి. మా ఊళ్ళో సిగ్నల్ లేదు, పైన గట్టు మలుపులో ఒకచోట నిలబడితే దొరికేది. అయ్యకి దగ్గు ముదిరి మంచాన పడ్డాడు. ఆయన పోవడానికి తొమ్మిది రోజుల ముందు, నేను అడగ్గా అడగ్గా, అప్ప వాళ్ళు ఆయన్ని కావిడిలో కూర్చోబెట్టి ఆ మలుపు దాకా మోసుకెళ్ళారు. చెవి సరిగ్గా వినబడడం లేదని చెప్పింది అప్ప. మతి తప్పిందని మాత్రం చెప్పలేదు.

"అయ్యా, నేనే" అన్నాను.

గాలి హోరు, దగ్గు. "ఎవులండీ?" అన్నాడు.

"నేనే అయ్యా. టాంజానియా నుంచి. వచ్చేస్తున్నాను. గెడ్డలో మునుగుతాను, కోడి నేనే తెస్తాను. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను."

చాలాసేపు ఏమీ వినబడలేదు. ఫోను కట్ అయిందేమో అనుకున్నాను. విన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. విని, ఊరందరి ముందు పెట్టిన రాయిని ఫోన్లో తీసెయ్యడానికి లేదనుకున్నాడో కూడా తెలియదు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు చాలా మర్యాదగా ఉంది.

"ఆ దేశం నుంచా సారూ? మా గుంటడు ఆ దేశమే ఎల్లాడండి. అక్కడే పోయాడు. ఎక్కడ కప్పెట్టారో మాకెవులూ సెప్పనేదు." ఊపిరి అందక ఆగాడు. "మీకు ఆ సోటు అగుపడితే, ఓ దోసెడు అంబలి పోసి రండి సారూ. సోడి అంబలి. పరాయి తిండి ఆడికి పడదు. ఆకలికి అసలుండనేడు."

ఆయన మళ్ళీ, "పోత్తారా సారూ?" అన్నాడు.

"అలాగేనండీ," అన్నాను మా అయ్యతో, "పోస్తానండీ."