ఆటలో లెక్కకు రాని పోలేరమ్మ

దొరల ఏలుబడి రోజులు. మార్కాపురంలో పలకల గనికి పోయేవాళ్ల పిల్లలందరిలోకీ పోలేరమ్మ చిన్నది. వయసులో కాదు, ఒంట్లో. ఏడో నెలకే తొందరపడి పుట్టిన చారెడు పిల్ల. ఇది దక్కదని మంత్రసాని మూతి విరిచేసింది. చెంచమ్మవ్వ వింటేనా! మనవరాలిని దూదిలో చుట్టి, వత్తితో పాలచుక్కలు పిండి, మొండికేసి బతికించుకుంది.

ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు. ఇంట్లో వసపిట్ట; బడిలో మాత్రం మూగనోము. "నీ మనవరాలు ఎవరితోనూ కలవదమ్మా" అని అయ్యవారు చెప్పినప్పటి నుంచి అవ్వకు ఒకటే ఆరాటం. ఇంత వాగే పిల్లకు అక్కడ నోరెందుకు పడిపోతోంది? ఎవరైనా కొడుతున్నారా? తేల్చుకుందామని ఒకనాడు పోయి బడి అరుగు మీద చతికిలబడింది.

ఆడపిల్లలు పలకముక్క విసిరి తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. పోలేరమ్మనూ ఆడించారు. అది గీత తొక్కినా, బిళ్ల గడి దాటి పడినా ఎవరూ కిక్కురుమనలేదు. ఇంత మంచి పిల్లలేందబ్బా అని అవ్వ ముక్కున వేలేసుకుంది.

"ఏమే సాజిదా, అది తప్పితే పక్కకు పొమ్మనరేం?" అని వాళ్లలో పెద్దపిల్లను అడిగింది.

"అది ఆటలో అరటిపండు గదవ్వా! బడిలో చేర్చిన రోజు అందరికీ బెల్లంముక్కలు పంచి, అల్పప్రాణి, దాన్నేమీ అనొద్దని నువ్వే గదా చెప్పిపోయినావు?"

అవ్వకు అప్పుడు తెలిసొచ్చింది. ఎన్నడూ ఓడని దానికి గెలుపేముంటుంది? దానితో ఎవరికైనా మాటలేముంటాయి? ముద్దు చేసి తానే పిల్లను ముంచిందే!

"ఆ మాట ఎత్తేసినా. ఇయ్యాల్టి నుంచి దాన్నీ లెక్కలో పెట్టుకోండి" అంది.

పోలేరమ్మ కళ్లు ఇంతింత చేసుకుంది. వంతు రాగానే కుంటుకుంటూ పోయి గీత తొక్కనే తొక్కింది.

"తప్పినావ్!" అని పిల్లలంతా అరిచారు.

"తొక్కలా! ఒట్టు, తొక్కలా! అవ్వా, నువ్వు చూసినావు గదా, చెప్పు!"

అందరూ అవ్వ వైపు తిరిగారు. మనవరాలి కళ్లల్లో నీళ్లు. ఒక్క అబద్ధమాడితే ఏడుపు ఆగుతుంది. రేపటి నుంచి మళ్లీ అరటిపండే.

"తొక్కినావే తల్లీ. నేను చూసినా."

పోలేరమ్మ అవ్వను మింగేసేలా చూసి, విసురుగా పోయి పక్కన నిలబడింది. ఇక ఆటే వద్దంటుందేమో, ఇంటికి పోదామంటుందేమో అని అవ్వకు ప్రాణం గిలగిల్లాడింది. తర్వాతి వంతు సాజిదాది. రెండు గడులు దాటిందో లేదో, బడంతా దద్దరిల్లేలా ఒక గొంతు లేచింది.

"తొక్కినావ్! గీత తొక్కినావ్! తొండిదానా, పక్కకు రా!"

"నేనేడ తొక్కినా? నీకేమన్నా కళ్లు పోయినాయా?" అంటూ సాజిదా పోలేరమ్మ మీదికొచ్చింది.

అబ్బబ్బ, ఏం పోట్లాట! చెరి రెండు మాటలతో మొదలై జుట్లు పట్టుకునేదాకా పోయింది. "అవ్వా, నువ్వు చెప్పు!" అని ఇద్దరూ అరుస్తుంటే, అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని, నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.