దర్శకుడు యాదన్నకు ఒక టేకు చాలదు

దర్శకుడు యాదన్నకు మొదటిసారి తీసినదేదీ నచ్చదు. రెండవసారి తీసినదీ నచ్చదు. వృత్తి పటాన్‌చెరులో పెండ్లి వీడియోలు తీయడమే అయినా, "వీడియో యాదన్నా" అని పిలిస్తే చెవిన వేసుకోడు. "డైరెక్టర్ సాబ్" అంటేనే తల తిప్పుతాడు. అప్పటికీ ఆ పిలుపు నచ్చదు. "ఇంకొక్కపారి పిలువు, జెర ప్రేమగ," అంటాడు.

ఒకమారు వెలిమెలలో గృహప్రవేశానికి పిలిచారు. పాలు పొంగాయి, ముత్తైదువలు సంతోషించారు. యాదన్న పెదవి విరిచాడు.

"పాలు పొంగినయి గని అక్కా, భావం పొంగలే. ఇంకొక్కపారి!"

ఆ పూట ఊరి దుకాణాల్లోని పాల ప్యాకెట్లన్నీ ఆ గిన్నెలోనే పొంగిపోయాయి. అతిథులకు నల్లని టీ మాత్రమే దక్కింది.

కర్దనూరులో తన కుమారుడు వెంకట సాయి పెండ్లిలో ఈ మహానుభావుని చూసేవరకు, సూర్యారావుగారికి సినిమా అంటే కేవలం కాలక్షేపం. గోదావరి తీరంనుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో పనిచేసి విరమించిన ఆయన, పని ఎవరిదైనా తీరు చూసి గౌరవించే మనిషి. భోజనాల దగ్గర యాదన్నను పలుకరించారు.

"ఏవయ్యా, ఒకసారి తీస్తే సరిపోదా?"

"సార్, మొదటి టేకుల మనిషి కెమెరాను సూస్తడు. రెండో టేకుల నా మొకం సూస్తడు. ఇగ విసుగొచ్చినంక ఎవల్నీ సూడడు. గప్పుడు దొర్కుతడు అసలు మనిషి. సినిమా అంటే గంతే సార్, మనిషి దొర్కేదాంక ఆగుడు."

సూర్యారావుగారి చేతిలోని బూరె నోటిదాకా వచ్చి నిలిచిపోయింది. ఇంతటి శాస్త్రం ఈ మనిషికి ఎక్కడ అబ్బిందా అని ఆయన విస్తుపోయారు.

పెండ్లికూతురు నిషితకు తల్లిదండ్రులు లేరు. పెంచినవాడు అన్న చంద్రకాంత్. గడ్డపోతారంలో ఒక మందుల కర్మాగారంలో పని అతనిది. తలంబ్రాలు కాగానే ఫోను వచ్చింది: షిఫ్టుకు రావలసినవాడు రాలేదు, లోపల ద్రావకం మరుగుతున్నది, చేయి తిరిగినవాడు ప్రక్కన లేకుంటే ప్రమాదం.

"నువ్వు పరేషాన్ కాకు చెల్లె. అప్పగింతల యాళ్లకు నీ ముందట ఉంట," అని తల నిమిరి వెళ్ళాడు. ఆ మాట యాదన్న కెమెరాలోనూ పడింది.

అప్పగింతల వేళ వచ్చింది, అన్న మాత్రం రాలేదు. వర్జ్యం రాకముందే కోడలు తమ గడప తొక్కాలని సూర్యారావుగారి భార్య కనకమహాలక్ష్మిగారి తొందర. చేసేది లేక నిషిత బాబాయి ఆమె చేతిని సూర్యారావుగారి చేతిలో పెట్టాడు.

"కట్! బాబాయి చెయ్యి ఏడ్సింది గని సార్ చెయ్యి ఏడ్వలే. ఇంకొక్కపారి!"

మరల పెట్టాడు. వెలుతురు కుదరలేదన్నాడు యాదన్న. మరల పెట్టాడు. వెనుక ఐస్‌క్రీం తింటున్న పెద్దమనిషి నవ్వాడట. ఎన్నవసారో లెక్క తప్పింది. సూర్యారావుగారికి విసుగు వచ్చింది. విసుగు వెనుకనే, యాదన్న చెప్పినట్లుగా, నిజమైన కన్నీరు వచ్చింది. ఆహా, దొరికాను! అని గర్వంతో దర్శకునివైపు చూశారు.

యాదన్న ఇటు చూడడమే లేదు. కెమెరా కంటిమీద మూత అయినా తీయలేదు. చూపు హాలు వాకిలి దాటి, గడ్డపోతారం దారిమీద ఉంది. తలవంచుకొన్న నిషిత చూపూ అటే.

"ఇంక చాలండీ, బయల్దేరదాం," అన్నారు కనకమహాలక్ష్మిగారు కొంగు బిగించి.

యాదన్న నోరు తెరిచాడు కాని, సాకు రాలేదు. సాకులన్నీ అయిపోయాయి.

సూర్యారావుగారు గొంతు సవరించుకొన్నారు. "ఉండవే. నాకీ టేకు నచ్చలేదు."

"మీకు నచ్చకపోవడమేంటి? అంత బాగా ఏడిస్తేనూ!"

"ఎడమకన్నే ఏడ్చిందే. కుడికన్ను ఇంకా అందుకోలేదు."

యాదన్న ఆయనవైపు చూశాడు. ఆయన యాదన్నవైపు చూడకుండా, కుడికన్ను శ్రద్ధగా ఒత్తుకొన్నారు. ఆ కన్ను అందుకొనేలోగా మరి రెండు టేకులు నడిచాయి.

మూడవదాని మధ్యలో మోటారుసైకిల్ వాకిట్లో ఆగింది. కర్మాగారం చొక్కాతోనే చంద్రకాంత్ పరుగెత్తుకొని వచ్చాడు. "ఇప్పుడా వచ్చేది!" అంటూ నిషిత అతని భుజంమీద ఒక్కటి చరిచి, అక్కడే తల వాల్చింది. యాదన్న చల్లగా మూత తీశాడు.

అన్న చెల్లెలి చేతిని సూర్యారావుగారి చేతిలో పెట్టాడు.

"ఓకే," అన్నాడు యాదన్న.

హాలంతా నివ్వెరపోయింది. ఆ మాట యాదన్న నోట ఎవరూ విని ఎరుగరు. అందరికంటె ముందు తేరుకొన్నది కనకమహాలక్ష్మిగారు.

"అదేంటి నాయనా, ఒక్కసారికే అయిపోయిందా? నేనింకా కళ్ళు తుడుచుకుంటున్నాను! వర్జ్యం సంగతి నేను చూసుకుంటాను గానీ, మళ్ళీ తియ్యి!"